మూడుసార్లు వచ్చిన మనిషి

పరాయి దేశంలో సేవ చేసి ఇంటికి మళ్లినవారు అదే జనం దగ్గరకు తిరిగి రావడం తక్కువ. వచ్చినా, ముదిమి మీదపడ్డాక రావడం మరీ అరుదు. ఫాదర్ హేయర్‌గా పేరుపడ్డ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ తెలుగు నేలకు మూడుసార్లు వచ్చారు. చివరిసారి రాజమండ్రి చేరేనాటికి ఆయన వయసు 76.

హేయర్ 1793లో జర్మనీలో పుట్టి, అమెరికాలో స్థిరపడ్డారు. లూథరన్ మిషనరీగా 1842 జులై 31న గుంటూరు చేరారు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆదరించారు, బడులు మొదలయ్యాయి. కొన్నేళ్లకే ఆరోగ్యం చెడి వెనక్కి వెళ్లవలసి వచ్చింది. వెళ్లినవారు ఊరికే ఉండలేదు. బాల్టిమోర్‌లో వైద్యవిద్య ముగించి, 1847లో పట్టా పుచ్చుకుని మళ్లీ బయల్దేరారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. గుంటూరులోనూ, తర్వాత పల్నాట గురజాలలోనూ బోధనతో పాటు వైద్యమూ చేశారు. ఆయన వచ్చింది మతప్రచారానికి. అందులో దాపరికమేమీ లేదు. అయితే మొదటిసారి ఇక్కడి జనం మధ్య బతికిన మనిషి రెండోసారి వైద్యుడై రావడం చిన్న సంగతి కాదు. సేవకు తిరిగి వచ్చేవారిలో ముందుగా చూడవలసిన గుణం ఇదే: అవసరమైన విద్య నేర్చుకుని రావడం.

రాజమండ్రిలోని మిషన్ కేంద్రం కథ వేరు. నార్త్ జర్మన్ మిషనరీ సొసైటీ 1845లో దాన్ని మొదలుపెట్టి, 1851లో అమెరికన్ లూథరన్లకు అప్పగించింది. 1857లో హేయర్ అమెరికా వెళ్లిపోయారు. ఆ తర్వాత అక్కడ అంతర్యుద్ధం వచ్చింది, లూథరన్ సంఘాలలో చీలికలు వచ్చాయి. ఇక్కడికి డబ్బు రావడం, మనుషులు రావడం సన్నగిల్లాయి. చివరికి రాజమండ్రిని ఇంగ్లండుకు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామన్న ఆలోచన సాగింది. 1869లో పెన్సిల్వేనియాలో జరిగిన సమావేశంలో హేయర్ దాన్ని వ్యతిరేకించారు. పంపడానికి మనిషి లేకపోతే తానే వెళ్తానన్నారు. అన్నట్టే ఆ ఏడాది చివరికి రాజమండ్రిలో ఉన్నారు.

దొరల రాకపోకల మధ్య పనిని నిలిపినవారు తెలుగువారే. నేలప్రోలు పౌలుస్, తోట జోసెఫ్ వంటి ఉపదేశకులు ఇక్కడే ఉండి జనాన్ని చూసుకున్నారు. వారు లేకపోతే హేయర్ తిరిగి వచ్చినా చేయడానికి మిగిలేదేమిటి? సేవాచరిత్రలు రాసేటప్పుడు ఓడ దిగినవారికి దక్కే పుటలు ఊళ్లో ఉండిపోయినవారికి దక్కకపోవడం అన్యాయం.

మూడోసారి హేయర్ ఇక్కడ ఉన్నది ఏడాదికి కాస్త పైన, అంతే. చేతులు మారబోయిన కేంద్రాన్ని నిలబెట్టారు. 1870లో హెచ్.సి. ష్మిత్ వచ్చాక ఆయనకు అప్పగించి, 1871లో వెనుదిరిగారు. ష్మిత్ దశాబ్దాల పాటు గోదావరి తీరానే పనిచేశారు. హేయర్ 1873లో కన్నుమూశారు. తానే అంటిపెట్టుకుని ఉండకుండా, దీర్ఘకాలం ఉండగలవారి చేతిలో పెట్టి తప్పుకోవడం ఆ వయసులో ఆయన చూపిన గొప్ప వివేకం.

హేయర్‌లా తిరిగి రావడానికి భిన్నంగా, సెలవుల్లో రెండు వారాలు వచ్చి బడికి రంగులు వేసి, ఫొటోలు తీసుకుని వెళ్లే స్వచ్ఛంద యాత్రలు ఇప్పుడు ప్రపంచమంతటా ఉన్నాయి. వచ్చేవారి మనసు మంచిదే. కానీ వారికి భాష రాదు. అలవాటయ్యేలోగా తిరుగు ప్రయాణం. పిల్లలు దగ్గరవుతారు, వచ్చినవారు వెళ్లిపోతారు, మరుసటి ఏడు కొత్త మొహాలు. అదే మనిషి మళ్లీ వస్తే, పోయినసారి వేయించిన బోరింగు పనిచేస్తున్నదో లేదో అడుగుతారు; ఊరివాళ్లూ మొహమాటం వదిలి నిజం చెబుతారు. కోనసీమ నుంచి అమెరికా వెళ్లి, సొంత ఊరి బడికో ఆసుపత్రికో సాయం చేసేవారికి ఈ విషయంలో పుట్టుకతోనే ఒక వెసులుబాటు ఉంది: భాష వచ్చు, ఎవరిని అడగాలో తెలుసు. దాన్ని వాడుకోకుండా శిలాఫలకంతో సరిపెట్టుకోవడం విచారకరం.

ఇక హేయర్ నిలబెట్టిన రాజమండ్రి కేంద్రంలో పని ఆయన తర్వాత వైద్యం వైపు విస్తరించింది. 1895లో డాక్టర్ లిడియా వర్నర్ వచ్చారు. 1911లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరుచుకుంది. 1927లో గుంటూరు, రాజమండ్రి సంఘాలు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి. 1944లో దాని అధ్యక్ష పదవి తొలిసారి తెలుగువాడైన ఇ. ప్రకాశం చేతికి వచ్చింది.