మండువా లోగిలికి కొనువా డేల కరవు?

కోనసీమలో గాని, కృష్ణా కాలువల వెంబడి గ్రామములలో గాని నేటికి మిగిలియున్న మండువా లోగిళ్ళను చూచి ముచ్చటపడనివారు లేరు. చలనచిత్రములవారు వానిని వెదకికొని వచ్చెదరు. పెండ్లి నిశ్చయమైన వధూవరులు ఆ స్తంభముల నడుమ నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొందురు. సెలవులకు వచ్చిన నగరవాసులు అరుగుపై కూర్చుండి, ఉన్న నిట్టి యింటనే యుండవలెనని నిట్టూర్తురు. అట్టి యింటిని అమ్మజూపిన గృహస్థు మాత్రము ఏండ్ల తరబడి బేరమునకై ఎదురుచూచుచుండును. అదే వీధిలో, వర్ణింపదగిన దేదియు లేని సిమెంటు డాబాకు నాలుగు నెలలు తిరుగకమునుపే బయానా ముట్టును. జనుల అభిరుచి క్షీణించుటయే దీనికి హేతువని పెద్దలు తరచుగా తీర్పు చెప్పుచుందురు గాని, ఆ తీర్పు నాకు సమ్మతము కాదు. ముచ్చట పడువారిలో డబ్బు గలవారును పెక్కుమంది యున్నారు. వారి ముచ్చటను క్రయధనముగా మార్చుటకు వలసిన మార్గములన్నియు మన పత్రములలోను, మన ఋణపద్ధతులలోను మూసికొనిపోయి యున్న వనియు, అందువలన ఆ యిల్లు నిలిచియుండగా కంటె విప్పి కలపగా పేర్చినప్పుడే ఎక్కువ వెల పలుకుచున్న దనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ యిండ్లు ఏ సంపదనుండి పుట్టినవో స్మరించిన, వాని నేటి దైన్యము కొంత బోధపడును. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ యొద్ద కృష్ణ ఆనకట్టయు ముగిసిన పిమ్మట, ఒకటి రెండు తరములు గడచునప్పటికి డెల్టా రైతు నింట మిగులు ధాన్యము నిలువజొచ్చినది. ఆ మిగులే గోదావరి ప్రవాహమున తెప్పలుగా దిగివచ్చిన మన్యపు కలపగాను, ఓడలపై తీరమునకు చేరిన బర్మా టేకుగాను, గానుగలో ఆడించిన సున్నముగాను, మంగుళూరున 1865లో బాసెల్ మిషనువారు కార్ఖానా నెలకొల్పిన తరువాత దక్షిణదేశమంతట వ్యాపించి మన యెడ బంగళా పెంకులని పేరుపడిన యెర్రని పెంకులుగాను రూపు దాల్చినది. నాలుగు దిక్కులనుండి వాలిన కప్పుల నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, దానిచుట్టు స్తంభముల వసారా, వసారాలోనికి తెరచుకొను గదులు, వీధివైపు అరుగు, వెనుక దొడ్డి, నుయ్యి, పశువుల కొట్టము, గాదెలు, పురులు: ఇదియంతయు ఒక వ్యవసాయ సంస్థకు కార్యాలయమును, గిడ్డంగియు, భోజనశాలయు నై, వాని నడుమ ఒక పెద్ద కుటుంబమునకు నివాసముగా కూడ నుండెను. నేడు కోతయంత్రము చేనిలోనే ధాన్యమును రాల్చుచున్నది. ధాన్యము చేనిగట్టునుండియే మిల్లునకు పోవుచున్నది. గాదెకు పని లేదు, కొట్టమున పశువు లేదు, పంక్తికి జనము లేదు. ఏ పనికొరకు ఆ విశాలత యేర్పడినదో ఆ పని తొలగినప్పుడు, కొనువానికి ఆ విశాలతలో సగము ఊడ్పుభారముగానే తోచుట సహజము.

అయినను, పని లేకపోవుట కంటె పెద్ద యడ్డంకి హక్కు. తాత కట్టిన యిల్లు తండ్రుల కాలమున పంపకము కాలేదు. పొలములు పంచుకొన్నవారు సైతము ఇంటిని మాత్రము ఉమ్మడిగా నుంచిరి, ఏలయన ఇంటిని చీల్చుట అశుభమనియు, పెద్దవారు బ్రతికియుండగా ఆ మాట ఎత్తుట అమర్యాద యనియు భావించిరి. తాతకు ఐదుగురు సంతానమనుకొని, వారికి తలకు ముగ్గురు చొప్పున బిడ్డలనుకొన్నచో, నేటికి ఆ యింటికి పదునేనుగురు భాగస్థు లగుదురు. వారిలో ఒకరు హైదరాబాదులోను, ఒకరు బెంగుళూరులోను, ఇరువురు అమెరికాలోను ఉందురు. వారందరు సంతకము చేయనిదే వివేకము గల కొనుగోలుదారు ముందుకు రాడు. విదేశముననున్నవాడు రాలేకున్న అధికారపత్రము పంపవలెను. దానిని అచ్చటి భారత దౌత్యకార్యాలయములోనో నోటరీ యెదుటనో వ్రాసి, ఇక్కడికి చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయింపవలెను. పదునలుగురి పత్రములు సిద్ధమై, పదునేనవవానిది వచ్చుసరికి, మొదటివారిలో నొకరు గతించి, ఆయన స్థానమున ముగ్గురు క్రొత్త వారసులు నిలుచుట నే నెరిగిన కుటుంబములలోనే జరిగినది.

నివాసగృహము విషయమున మన శాసనములు సైతము బయటివానిని శంకతోనే చూచినవి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నలువదినాలుగవ సెక్షను ప్రకారము, అవిభక్త కుటుంబపు నివాసగృహములో ఒకని భాగమును కొన్న పరాయివాడు మిగిలినవారితో కలసి ఆ యింట నుండు హక్కు కోరరాదు. అతడు పంపకమునకై దావా వేసినచో, అతని భాగమును వెలకట్టించి తామే కొనివేయుటకు కుటుంబసభ్యులకు 1893 నాటి పంపకముల చట్టము అవకాశ మిచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున ఇరువదిరెండవ సెక్షను, భాగము నమ్మదలచిన వారసుని యొద్ద ముందుగా కొను హక్కును తోడి వారసులకే కల్పించినది. ఇవి యన్నియు సదుద్దేశముతో పుట్టిన నిబంధనలు. ఒక కుటుంబము ఆ యింట కాపురముండునంతకాలము వారిని కాపాడినవి. ఆ యింట ఎవ్వరును లేక తాళము వ్రేలాడునప్పుడు, ఆ రక్షణయే తలుపునకు రెండవ తాళమైనది.

ఇచ్చట ఒక అపవాదమును ఖండింపకుండ ముందునకు పోజాలను. ఆడబిడ్డలకు భాగ మిచ్చుట మొదలైననాటినుండి పాత యిండ్లు అమ్ముడుపోకున్న వని కొంద రందురు. 1956 చట్టము కుమార్తెకు భాగ మిచ్చియు, నివాసగృహము మాత్రము మగ వారసులు పంచుకొనదలచువరకు పంపకము కోరరాదని ఇరువదిమూడవ సెక్షనులో ఆమె చేతులు కట్టినది. ఆంధ్రప్రదేశము 1986 నాటి సవరణచే, 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు నిచ్చి, దేశమునకు మార్గదర్శక మయ్యెను. 2005లో పార్లమెంటు ఆ హక్కును వివాహితలకు సైతము విస్తరించి, ఇరువదిమూడవ సెక్షనును తొలగించెను. తండ్రి 2005 నాటికి జీవించి యున్నను లేకున్నను కుమార్తె హక్కు జన్మసిద్ధమే యని 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పెను. ఇందులో నన్యాయ మేమున్నది? ఆ మండువాలో ఆడిన బిడ్డ ఆ యింటికి అన్నదమ్ములంతటి వారసురాలే. మూడు తరములు పంపకమును వాయిదా వేసిన పురుషుల అశ్రద్ధను సోదరీమణుల సంతకముపై మోపుట తగదు.

భాగస్థు లందరు ఒప్పుకొన్నను, ఏ పత్రము చూపి అమ్మవలెను? ఊరి నడుమనున్న ఈ యిండ్లు పెక్కు గ్రామకంఠములో నున్నవి. పూర్వపు సర్వేలలో పొలములకు వేరువేరు నెంబరు లిచ్చి, జనావాసమును మాత్రము ఒక్క ఖండముగా గుర్తించి విడిచిరి. అందుచేత అరసెంటు పొలమునకున్న పుస్తకము నూరేండ్ల యింటికి లేదు. ఇంటిపన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు, ఏనాటిదో ఒక పారీఖత్తు: వీనినే పేర్చుకొని హక్కు నిరూపింపవలసి యున్నది. 2020 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వ మారంభించిన స్వామిత్వ పథకము ఈ లోపమును తీర్చుటకే పుట్టినది. డ్రోనుతో ఊరిని కొలిచి గృహస్థునకు ఆస్తికార్డు నిచ్చుట దాని లక్ష్యము. ఆ పని సాంతమైన గ్రామమున ఒక చిక్కు విడిపోవును గాని, కార్డుపై ఎవరి పేరు వ్రాయవలె నను పాత ప్రశ్న మరల పదునేనుగురి నడుమనే నిలుచును.

ఇక ఋణము. మధ్యతరగతి కుటుంబము ఇల్లు కొనుట బ్యాంకి సొమ్ముతోనే. రిజర్వు బ్యాంకి నియమముల ప్రకారము ముప్పది లక్షల లోపు గృహఋణము ఇంటి విలువలో నూటికి తొంబదివరకు, అటుపై డెబ్బదియైదు లక్షలవరకు ఎనుబది, ఆ పైన డెబ్బదియైదు వంతున ఈయవచ్చును. కాని ఆ విలువను కట్టు ఇంజనీరు మొదట అడుగునది కట్టడపు వయస్సు. రెండవది, ఇంకను ఎన్నియేండ్లు నిలుచు నన్నది. ఇరువది యేండ్లలో తీరవలసిన అప్పునకు అంతకంటె దీర్ఘమైన ఆయుర్దాయమును ఆయన వ్రాసి సంతకము చేయవలెను. కాంక్రీటు స్తంభములు, ఇనుప ఊచలు, శ్లాబులు చదివి పట్టభద్రుడైన ఇంజనీరునకు సున్నపు గోడయు టేకు దూలమును ఏ పట్టికలోను కానరావు. భయపడి, కట్టడమునకు శూన్యమో నామమాత్రమో కట్టి, స్థలమునకు మాత్రము వెల వేయును. రిజిస్ట్రేషను శాఖ సైతము స్థలమునకు వేరుగను కట్టడమునకు వేరుగను లెక్క గట్టి, పెంకుటింటి చదరపుటడుగునకు శ్లాబు ఇంటికంటె తక్కువ ధరను వేయును, వయస్సును బట్టి ఇంకను తగ్గించును. ఈ తగ్గింపువలన కొనువానికి సుంకము కొంత తగ్గవచ్చును గాని, ఋణము కూడ తగ్గును. అందమునకు అడిగిన సొమ్మంతయు చేతిరొక్కముగా తేవలసి యుండగా, అంత రొక్కము గలవాడు ఊర నుండడు.

విదేశమున సంపాదించినవాడు కొనునేమో యని పెక్కుమంది ఆశ. అతనికి ప్రేమయు గలదు, ధనమును గలదు. కాని ప్రవాస భారతీయులు, విదేశీ పౌరసత్వము పొందిన భారత సంతతివారు ఇల్లు కొనవచ్చునే గాని, వ్యవసాయభూమిని, తోటను కొనరాదని విదేశమారక నియమములు. కోనసీమ లోగిలికి దొడ్డి దాటగనే కొబ్బరితోట. లెక్కలలో అది వ్యవసాయభూమి. తోట విడిచి ఇల్లు మాత్రమే తీసికొమ్మని యజమాని యన్న, ఆ యిల్లు ఆతడు కలగన్న యిల్లు కాదు.

కావున చిట్టచివరకు గుమ్మమున నిలుచువాడు పాత యిండ్లు కొని విప్పు వ్యాపారి. అతడు మండువాను చూడడు. దూలముల కైవారము, స్తంభముల సంఖ్య, ద్వారబంధముల చెక్కడము చూచి ఘనపుటడుగులు లెక్కించును. ఆ లెక్కకు బ్యాంకి అక్కరలేదు, వాస్తు అక్కరలేదు, పంచుకొనుటయు సులువు. పాడియావును తోలు వెలకు కట్టినట్లు, నిలిచియున్న యింటికి దాని కలప వెల కట్టుదురు. ఆ బేరమే జరుగును. తమిళదేశమున చెట్టినాడు భవనముల స్తంభములు కారైక్కుడిలోని పాతసామానుల అంగళ్ళలో అమ్ముడగుచున్నవి. అక్కడను ఒక్కొక్క భవనమునకు భాగస్థులు పదులకొలది. మన లోగిళ్ళ తలుపులు నగరపు విలాసగృహముల గోడలకు అలంకారములై చేరుచున్నవి. అనగా, అభిరుచి నశింపలేదు. ముక్కలు ముక్కలుగా మంచి వెలకు అమ్ముడగుచునే యున్నది.

నివాసయోగ్యత గూర్చి కూడ నిజము చెప్పవలెను. ఏటేట వానలకు ముందు కప్పెక్కి పగిలిన పెంకులు మార్చి సర్దింపవలెను. నాలుగు వాలులు కలియు మూలలయందు కారుట మొదలైన, క్రిందనున్న వాసము తెలియకుండ పుచ్చిపోవును. ఆ పని యెరిగిన వడ్రంగులు, పెంకు నేయువారు ముసలివారైరి; వారి కుమారులు సెంట్రింగు పనికి పోయిరి. మరుగుదొడ్డి దొడ్డి చివర నున్నది. మధ్యగదులలో పగటివేళను దీపము కావలెను. పెంకులసందుల గాలి పోవు కప్పుక్రింద శీతలయంత్రము వృథా. ఇవి దిద్దుకొనదగిన లోపములే. వీధిపోటు, ఈశాన్యపు కొరత యను శంకలు కొందరిని వెనుకకు పంపుచున్నవి. వానిని గూర్చి వాదింప నక్కరలేదు.

దిద్దుకొనలేనిది మరొకటి గలదు. అరుగుపై ఎవరు కూర్చుండవలెనో, క్రింద ఎవరు నిలువవలెనో, ఎవరు దొడ్డిదారిని మాత్రమే రావలెనో ఆ యింటి నిర్మాణమే శాసించినది. వితంతువైన మేనత్త జీవితమంతయు గడపిన చీకటిగది ఏదో ఆ యింటి స్త్రీలకు తెలియును. ఒకనాడు ఆ గడప తొక్కనీయబడని కుటుంబమువారి బిడ్డ నేడు చదివి, సంపాదించి, ఊరిలో మంచి యిల్లు కొనదలచినప్పుడు, ఈ లోగిలిని కాక క్రొత్త డాబాను కోరుకొనుటలో ఆత్మగౌరవ మున్నది. దానిని అభిరుచి లోప మనుటకు నాకు నోరు రాదు. ఆ బిడ్డయే ఆ లోగిలిని కొనదలచినప్పుడు భాగస్థులలో ఎవరో ఒకరు సంతకమునకు వెనుదీసిన, ఆ యింటిని కూల్చినవారు వారే యగుదురు.

అన్ని లోగిళ్ళను నిలుపవలెనని నేను కోరను. కలప పుచ్చిన వానిని, పునాది క్రుంగిన వానిని కాపాడ బూనుట ధనవ్యయమే. నిలువదగిన వానికి మాత్రము చేయవలసిన పని స్పష్టము. కుటుంబసభ్యుల నడుమ పంపక దస్తావేజునకు, హక్కు విడుదల దస్తావేజునకు స్టాంపు సుంకము విక్రయమునకు గలదాని కంటె తక్కువ. పెద్దవారు జీవించి యుండగనే, ఆ యింటిని ఒకరిద్దరి పేరిట నిలిపి మిగిలినవారికి పొలముగానో సొమ్ముగానో సరిపెట్టిన, పదునేను సంతకముల అవస్థ తప్పును. బ్యాంకులు సున్నపుకట్టడములను పరీక్షింపనెరిగిన ఇంజనీరుల జాబితాను వేరుగా పెట్టుకొని, మరమ్మతు వ్యయమును కూడ ఋణములో చేర్చి ఈయవలెను. ఇది దానము కాదు, తనఖా ఎట్లును స్థలముపై నిలిచియే యుండును. ఇక అమ్మువారు తాతగారి కీర్తికి వేరుగా వెల కట్టుట మానవలెను. కప్పు కారుచుండగా, కొనువాడు మొదటి యేట పెట్టవలసిన మరమ్మతు ఖర్చును తామే ముందుగా లెక్కించి, అడుగు ధరనుండి తీసివేసి చెప్పినచో, బేర మాడుటకు వచ్చిన నలుగురిలో ఒక్కడైనను రెండవసారి వచ్చును.