కాలేయానికి కోత.. తేల్చేది ముందస్తు పరీక్షే

- పోర్టల్ రక్తపోటు ఉన్నా కొందరికి శస్త్రచికిత్స సాధ్యమే
- ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటేనే ఆ అవకాశం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: కాలేయంలో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలుతుంది. దాన్ని తీసివేస్తే ప్రాణం నిలుస్తుందని ఇంటిల్లిపాది ఆశపడతారు. అంతలోనే ప్లీహం పెరిగిందని, ప్లేట్‌లెట్లు తగ్గాయని, కత్తి పెడితే ప్రమాదమని మరో మాట వినిపిస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు పోర్టల్ రక్తపోటు తోడైన రోగి కుటుంబానికి ఎదురయ్యే చిక్కు ఇదే. ఒకప్పుడు ఆ మాటతో శస్త్రచికిత్స ఆశ ముగిసిపోయేది. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. అయితే మారిన వైద్యం ఫలించాలంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే బయటపడాలి. అందుకు అవసరమైన పరీక్ష ఈ మూడు పట్టణాల్లోనే చేయించుకోవచ్చు.

ఏమిటీ రక్తపోటు?

చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటు వేరు, ఇది వేరు. పేగులు, ప్లీహం నుంచి వచ్చే రక్తాన్ని పోర్టల్ సిర కాలేయానికి చేరుస్తుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు మూడొంతులు ఈ దారినే వస్తుంది. మద్యం, హెపటైటిస్-బి, సి వైరస్‌లు, మధుమేహం, స్థూలకాయంతో పేరుకునే కొవ్వు కాలక్రమంలో కాలేయాన్ని గట్టిపరుస్తాయి. దీన్నే సిర్రోసిస్ అంటారు. గట్టిపడిన కాలేయంలోకి రక్తం సాఫీగా సాగక సిరలో పీడనం పెరుగుతుంది. ఈ పీడనం సాధారణంగా 5 మిల్లీమీటర్లకు మించదు. 10కి చేరితే తీవ్రంగా పరిగణిస్తారు. అప్పుడు అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి, ప్లీహం పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కొందరికి పొట్టలో నీరు చేరుతుంది, రక్తవాంతులు అవుతాయి.

కాలేయ క్యాన్సర్ ఎక్కువగా ఇలా గట్టిపడిన కాలేయంలోనే పుడుతుంది. అందువల్ల గడ్డ, పీడనం రెండూ ఒకే రోగిలో కనిపించడం అరుదేమీ కాదు.

నాడు నిషేధం.. నేడు బేరీజు

ఆరోగ్యవంతమైన కాలేయాన్ని కొంత కోసినా మిగిలిన భాగం తిరిగి పెరుగుతుంది. సిర్రోసిస్ ఉన్న కాలేయానికి ఆ శక్తి తక్కువ. పైగా అంతే రక్తం తగ్గిన కాలేయం గుండా ప్రవహించాల్సి రావడంతో పీడనం మరింత పెరుగుతుంది. 1996లో స్పెయిన్‌లోని బార్సిలోనా వైద్యులు వెలువరించిన అధ్యయనంలో, పీడనం ఎక్కువగా ఉన్న రోగులే శస్త్రచికిత్స తర్వాత కోలుకోలేక పోతున్నట్లు తేలింది. దాంతో పాశ్చాత్య దేశాల మార్గదర్శకాలు ఇలాంటి వారికి కోత వద్దన్నాయి.

జపాన్ శస్త్రవైద్యులు ఈ నిషేధంతో ఏకీభవించలేదు. రోగిని జాగ్రత్తగా ఎంచుకుని, తక్కువ భాగాన్ని మాత్రమే తొలగిస్తే మంచి ఫలితాలు సాధ్యమేనని టోక్యో వైద్యులు 2008లో ప్రకటించారు. 2018 నాటి యూరప్ మార్గదర్శకాలు కూడా పీడనం ఒక్కదాన్నే చూసి తోసిపుచ్చకుండా, కాలేయం పనితీరు, తీసివేయాల్సిన భాగం అనే మరో రెండింటితో కలిపి బేరీజు వేయాలని సూచించాయి. పీడనం ఉన్నా కోత చిన్నదైతే ప్రమాదం మధ్యస్థం. పీడనం ఉండి కోత పెద్దదైతే ప్రమాదం తీవ్రం. గడ్డ కాలేయం అంచున ఉంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాపరోస్కోపీతో రోగి త్వరగా తేరుకునే వీలుంది. శస్త్రచికిత్సకు ముందే ఎండోస్కోపీతో ఉబ్బిన సిరలకు బ్యాండ్లు వేయడం, పీడనాన్ని తగ్గించే మందులు ఇవ్వడం మరికొన్ని జాగ్రత్తలు.

కోత కుదరకపోతే..

కామెర్లు ముదిరి, పొట్టలో నీరు తగ్గని వారికి కోత తగదు. మూడు సెంటీమీటర్లలోపు గడ్డను సూదితో వేడి పంపి మాడ్చే చికిత్స ఉంది. గడ్డకు రక్తం అందించే ధమనిలోకి మందు పంపి దారి మూసే పద్ధతి మరొకటి. క్యాన్సర్‌ను, గట్టిపడిన కాలేయాన్ని ఒకేసారి తొలగించేది కాలేయ మార్పిడి మాత్రమే. దీనికి ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్లలోపు, మూడు వరకు ఉంటే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లలోపు ఉండాలన్నది 1996 నుంచి ప్రామాణికంగా ఉన్న కొలమానం. ఏ చికిత్సకైనా గడ్డ పరిమాణమే కీలకం.

దూరం కంటే ఆలస్యమే శాపం

సూర్యాపేట, కోదాడ వాసులు 65వ నంబరు జాతీయ రహదారిపై, మిర్యాలగూడ వాసులు నల్గొండ, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ చేరుకుంటారు. అక్కడ నిమ్స్, ఉస్మానియా వంటి ప్రభుత్వ రంగ ఆసుపత్రులున్నాయి. ఉస్మానియాలో పేదలకు ఆరోగ్యశ్రీ కింద కాలేయ మార్పిడి కూడా జరిగింది. అవయవదానం ద్వారా కాలేయం కోసం ఎదురుచూసే వారి పేర్లు జీవన్‌దాన్‌లో నమోదవుతాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. ప్రయాణం కొన్ని గంటలే. రోగిని దెబ్బతీస్తున్నది బయలుదేరడానికి ముందు గడిచిపోయిన నెలలు, సంవత్సరాలు.

కాలేయ క్యాన్సర్ తొలిదశలో నొప్పి ఉండదు. కామెర్లు వస్తే ఆకుపసరు మింగి, తగ్గగానే మరచిపోయే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. కామెర్ల వెనుక హెపటైటిస్-బి ఉందో లేదో తెలుసుకునే రక్తపరీక్ష జరగదు. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే ఈ వ్యాధికి దేశీయ టీకా తెచ్చినా, దేశవ్యాప్త టీకాల కార్యక్రమంలో అది 2011లో గాని పూర్తిగా చేరలేదు. నేటి నడివయస్కుల్లో ఎక్కువమందికి బాల్యంలో ఆ రక్షణ అందలేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం.

చేయాల్సింది ఇదే

సిర్రోసిస్ ఉన్నట్లు తేలినవారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించుకోవాలి. మద్యం పూర్తిగా మానాలి. ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా, ప్లీహం పెరిగినా ఎండోస్కోపీ అవసరం. సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కోదాడ, మిర్యాలగూడల్లోనూ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. సిర్రోసిస్ రోగుల జాబితాను ఈ ఆసుపత్రులు ఎక్కడికక్కడ నిర్వహించి, గడువు రాగానే ఫోన్ చేసి పిలిపిస్తే చాలు. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఒక రిజిస్టరు, ఒక బాధ్యుడు ఉంటే సరిపోతుంది. రెండు సెంటీమీటర్ల గడ్డతో హైదరాబాద్ వెళ్లిన రోగి ముందు మూడు నాలుగు దారులుంటాయి. పది సెంటీమీటర్ల గడ్డతో వెళ్లిన వారికి ఆ దారులు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి.