సగం సరే, దేనిలో సగం?

తన పాటలు వాడుకున్నవారికి ఇళయరాజా నోటీసు పంపిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒకటే పంచాయితీ: ఆయనది హక్కా, అత్యాశా? 2017లో బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు అందిన నాటి నుంచీ చర్చ మనుషుల మంచిచెడ్డలు దాటి ముందుకు పోలేదు. ఫోనులో పాట మోగితే ఎంత చెల్లించాలో ఎవరు, ఎక్కడ తేలుస్తున్నారని అడిగేవాళ్లు లేరు. స్ట్రీమింగ్ రేటు బహిరంగ విచారణలో తేలాలి. ఆ విచారణలో గేయ రచయితకూ స్వరకర్తకూ చోటుండాలి. నేను కోరేది ఇదే.

అందరూ మరిచిపోయిన ఒక అంకె ఉంది. 2010 ఆగస్టు 25న కాపీరైట్ బోర్డు ఎఫ్ఎం రేడియోలు తమ నికర ప్రకటనల ఆదాయంలో 2% రికార్డింగుల హక్కుదారులకు చెల్లించాలని తేల్చింది. అది తక్కువని ఆడియో కంపెనీలు గోలపెట్టాయి. తక్కువే కావచ్చు. కానీ ఆ 2% అందరికీ తెలుసు కాబట్టే దాని మీద పోట్లాడగలిగారు. పదేళ్ల తర్వాత, 2020 డిసెంబరు 31న, మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు ఆ పద్ధతి మార్చి, పాట మోగిన గంటల లెక్కన ధర కట్టింది. అదీ ఇరుపక్షాల వాదన విన్నాకే.

స్ట్రీమింగ్‌కు అలాంటి 2% ఏది? హక్కుదారు ఒప్పుకోకపోయినా నిర్ణీత రాయల్టీ కట్టి పాటను ప్రసారం చేసుకోనిచ్చే కాపీరైట్ చట్టం 31డి సెక్షన్ రేడియో, టీవీలకే గానీ ఇంటర్నెట్‌కు వర్తించదని టిప్స్ ఆడియో కంపెనీ, వింక్ యాప్‌ల కేసులో 2019 ఏప్రిల్ 23న బొంబాయి హైకోర్టు చెప్పింది. 2022 అక్టోబరులో డివిజన్ బెంచి దాన్నే ఖాయం చేసింది. చట్టం రాసిన తీరును బట్టి తీర్పు సరైనదే. కానీ దాంతో ధర కట్టే పని పూర్తిగా లేబుళ్లకూ యాప్ కంపెనీలకూ మధ్య రహస్య ఒప్పందాల పాలైంది. 2021 ఏప్రిల్‌లో ఆ అప్పీళ్ల బోర్డునే ప్రభుత్వం ఎత్తేసింది.

స్వేచ్ఛగా బేరమాడుకుంటేనే ఎక్కువ రాబడి అని లేబుళ్ల వాదన. రావచ్చు. ఎవరికి? సినిమా హాల్లో చిత్రంతో పాటు వినిపించడం మినహా, పాటను ఏ రూపంలో వాడినా రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉండాలని 2012 సవరణ చెబుతోంది. వారసులకో, కాపీరైట్ సంఘానికో తప్ప ఆ హక్కును వాళ్లు ఇంకెవరికి రాసిచ్చినా చెల్లదు. మంచి చట్టం. అయితే దేనిలో సమాన వాటా? రచయితల సంఘమైన ఐపీఆర్ఎస్ తన రేట్ల పట్టికను ప్రకటించాలని అదే చట్టం శాసిస్తోంది. లేబుల్‌కు యాప్ ఎంత కట్టిందో మాత్రం పాట రాసినవాడికి చెప్పే దిక్కు లేదు.

రైల్వే పనికొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్న మా ఖరగ్‌పూర్ ఇందాకు హైకోర్టు కలకత్తాలో ఉంది. సినిమా పాట మీద హక్కు నిర్మాతదేనని 1974లో చెప్పింది ఆ కోర్టే. 1977లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేయడంతో ఒక తరం రచయితలు నష్టపోయారు. ఆ 1974 తీర్పు వచ్చిన యాభై ఏళ్లకు, 2024 మే 17న, వొడాఫోన్ తన చందాదారులకు వినిపించిన పాటలకు సారెగమాకు డబ్బు కడితే సరిపోదని, రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ చెల్లించాల్సిందేనని అదే కోర్టు తీర్పిచ్చింది. తెలుగు సినీ పాటల మీద ఇన్ని సంపాదకీయాలు రాసేవాళ్లు ఈ తీర్పును తలచుకోరెందుకు?

అమెరికాలో ముగ్గురు న్యాయమూర్తుల రాయల్టీ బోర్డు స్ట్రీమింగ్ సంస్థల ఆదాయంలో పాటల రచనకు 2023లో 15.1% కట్టి, 2027 నాటికి 15.35%కు పెంచింది. అక్కడి రచయితలకు అది చాలదనిపిస్తే చాలదని అనగలరు. మన రచయితకు ఆపాటి అవకాశం కూడా లేదు.

31డిని ఇంటర్నెట్‌కు పొడిగిస్తే పని అయిపోతుందని కొందరంటున్నారు. అది యాప్ కంపెనీలకు చౌక సరుకు కట్టబెట్టడం. ముందు ధర కట్టే బోర్డును మళ్లీ నిలబెట్టండి, లేబుళ్ల ఒప్పందాలను దాని ముందు పెట్టించండి, రచయితలను పిలిచి వినండి. 2010లో రేడియోకు చేయగలిగిన పనిని ఇన్నేళ్లయినా స్ట్రీమింగ్‌కు ఎందుకు చేయలేదో పార్లమెంటులో మన తెలుగు ఎంపీ ఒక్కరైనా లేచి అడగాలి.