కువైట్‌కు పెట్టె సర్దకముందే పది రోజుల శిక్షణ కావాలి: మన మండలంలో, మన తెలుగులో

అక్కల్లారా, చెల్లెళ్లారా, వాళ్లను సాగనంపే తల్లిదండ్రులారా, భర్తలారా!

రాయచోటి, రాజంపేట, కోడూరు పక్క పల్లెల్లో కువైట్ పోయొచ్చిన ఆడమనిషి లేని వీధి అరుదు. గోదావరి జిల్లాల్లో నర్సాపురం, రాజోలు వైపూ ఇదే సంగతి. పోయేది ఇంటిపనికి, పసిపిల్లల్ని సాకడానికి. పోవద్దని చెప్పడానికి మేం ఈ కరపత్రం వేయలేదు. అప్పు తీరాలి, ఆడపిల్ల పెళ్లి కావాలి, రేకుల ఇంటి మీద మిద్దె పడాలి. ఆ లెక్కలు మాకూ తెలుసు, మేమూ అందుకే పోయాం. మేం అడిగేది ఒక్కటే. ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకముందు, పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టకముందు, పోవాలనుకున్న ప్రతి మహిళకూ మండల కేంద్రంలోనే ప్రభుత్వం పది రోజుల శిక్షణ ఇవ్వాలి. తెలుగులో ఇవ్వాలి. పోయొచ్చిన ఆడవాళ్ల చేత, వాళ్లకు జీతమిచ్చి, ఇప్పించాలి.

ఇప్పుడు శిక్షణ లేదా అని అడుగుతారు. ఉంది. 2018 నుంచి కేంద్ర విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు అవగాహన తరగతి నడుపుతోంది. అది ఒక్క రోజు. అదీ ఎక్కడో పెద్ద ఊళ్లో. అప్పటికి వీసా వచ్చేసి ఉంటుంది, వడ్డీకి తెచ్చిన డబ్బు చేతులు మారి ఉంటుంది. ఆ రోజు ఎవరైనా “ఈ ఒప్పందం బాగాలేదమ్మా, ఆగు” అన్నా ఆగే దారి ఉండదు. ఇక విజిట్ వీసా మీద, వేరే దేశం మీదుగా తిప్పి పంపించే వాళ్లకు ఆ ఒక్క రోజు కూడా లేదు.

మాలో ఒకదాన్నిగా, నేను పోయిన తీరు చెప్తాను. చెన్నై ఎయిర్‌పోర్టు బయట, కారు బానెట్ మీద కాగితాలు పరిచి “ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెట్టమ్మా” అన్నాడు ఏజెంటు పంపిన మనిషి. ఒకపక్క అరబ్బీ, ఒకపక్క ఇంగ్లీషు. ఒక్క అక్షరం తెలుగు లేదు. జీతం ఎంతో రాసిన చోట వేలు పెట్టి చూపించమన్నాను. ఫ్లైటుకు టైమైందన్నాడు.

ఇంట్లో దిగిన మొదటి వారం. ఏడు నెలల పిల్ల నా పక్కనే పడుకునేది. ఒక రాత్రి దాని ఒళ్లు పెనంలా కాలుతోంది. పరుగెత్తి మామాను లేపాను. ఇంటి ఆమెను అక్కడ మామా అంటాం, ఆయన్ను బాబా అంటాం. జ్వరానికి అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూపించాను. నాకే తలనొప్పి అనుకుని ఒక మాత్ర చేతిలో పెట్టి పడుకోమంది. తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. పొద్దున పిల్లను చూసి ఆమె గుండె బాదుకుంది, రాత్రే ఎందుకు చెప్పలేదని నా మీద అరిచింది. ఆమె భయం న్యాయమైనదే. నా వైపూ తప్పు లేదు. ‘హరారా’ అనే ఒక్క మాట మా ఇద్దరి మధ్యా లేకపోయింది. ఆ మాట నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

అట్లాగే బాత్రూం తలుపు వేసుకుని బ్లీచూ యాసిడూ కలిపి కడిగి, ఊపిరాడక నేల మీద పడిపోయిన అమ్మాయిని మా పక్కింట్లో చూశాను. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని ఊళ్లో ఎవరు చెప్పారు ఆమెకు?

కువైట్‌లో చట్టం లేదనుకుంటారు మనవాళ్లు. 2015లోనే 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన కట్టి ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని కూడా పెట్టారు. ఇవన్నీ అమలవుతున్నాయని మేం చెప్పడం లేదు. అయితే చట్టం ఉందని తెలియడానికీ, తెలియకపోవడానికీ తేడా ఉంటుంది. అక్కడ మన ఎంబసీ ఇళ్లు విడిచి వచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయం ఇస్తుందని తెలియక, గేటు దాటే ధైర్యం లేక నెలల తరబడి జీతం లేకుండా పడి ఉన్నవాళ్లు మాలోనే ఉన్నారు.

మన దేశపు నియమాలూ అంతే. పదో తరగతి పాస్ కాని మహిళ గల్ఫ్‌కు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ఒప్పందాన్ని ఎంబసీ ధ్రువీకరించాలి. 2016 నుంచి అలాంటి మహిళల్ని ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అందుకే ఉన్నాయి. లైసెన్సున్న ఏజెంటు అయినా, ఎవరినైనా పంపినందుకు 30,000 రూపాయలూ దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల రక్షణ ఉంటుంది. ఈ నాలుగు ముక్కలూ మా వీధిలో ఎంతమందికి తెలుసని అడిగి చూశాం. పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు. పుషింగ్, అంటే ఎయిర్‌పోర్టులో లంచమిచ్చి దాటించడం, మాత్రం అందరికీ తెలుసు.

ఫిలిప్పీన్స్ ఆడవాళ్లూ మన పక్క ఇళ్లలోనే పనిచేస్తారు. వాళ్లు బయల్దేరకముందు ఇంటిపనిలో 218 గంటల ప్రభుత్వ కోర్సు ఉంది, దాని మీద పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. తర్వాత పోబోయే దేశపు భాష, పద్ధతులూ నేర్పుతారు. 2018లో వాళ్ల ప్రభుత్వం మనుషుల్ని పంపడమే ఆపేసి, కువైట్‌తో ఒప్పందం రాయించుకుంది. పనిమనిషి ఫోను లాక్కోకూడదని అందులో ఉంది. నా ఫోను మామా బీరువాలో ఉన్న రోజుల్లో పక్కింటి ఫిలిప్పీన్స్ పిల్ల డాబా మీద వాళ్లమ్మతో మాట్లాడుతుంటే విన్నాను. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

యూరప్‌లో అయితే ఇదే పనికి ఏడాదిపాటు పోయే అమ్మాయిని ‘ఓ పేర్’ అంటారు. జర్మనీకి పోవాలంటే ముందే కాస్త జర్మన్ రావాలి, వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు, ఇంట్లో ఆమెకు సొంత గది ఉండాలి. పసిబిడ్డకు పాలు పట్టే పని ఎక్కడైనా ఒకటే కదా. అక్కడ ఆమెను భాష నేర్చుకోడానికి వచ్చిన పిల్లగా చూస్తారు, మనం మాత్రం ఖద్దామా, అంటే పనిమనిషి!

పది రోజుల్లో ఏం నేర్పాలి? రెండు వందల అరబ్బీ మాటలు చాలు. జవాజ్ అంటే పాస్‌పోర్టు, మఆష్ అంటే జీతం, సఫారా అంటే ఎంబసీ, హలీబ్ అంటే పాలు. వాషింగ్ మెషిన్, ఓవెన్, పాలసీసాల శుభ్రం, జ్వరం కొలవడం చేతులతో చేయించి చూపించాలి. ఊళ్లో మిగిలిన పిల్లల్ని ఎవరు చూస్తారో, బడికి ఎవరు పంపుతారో ఆ ఇంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాలి. జీతం పంపే ఖాతా ఆమె పేరునే ఉండాలి. దీన్ని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఏడేళ్ల కష్టం తిరిగొచ్చేసరికి ఖాళీ అయిన ఇళ్లను మేం చూశాం.

ఒప్పందం తెలుగు ప్రతి లేకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు. దాన్ని గ్రామ సచివాలయంలో సాక్షుల ముందు పైకి చదివి వినిపించాలి. యజమాని పేరు, ఫోను, సివిల్ ఐడీ నంబరు, పంపినవాడి పేరు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఇప్పుడు ఆడమనిషి ఫోను మూడు నెలలు మోగకపోతే ఇంటివాళ్ల దగ్గర చెప్పుకోడానికి ‘కువైట్’ అన్న ఒక్క పేరే ఉంటుంది. కువైట్‌లో ఏ ఇల్లు?

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. గ్రామ సచివాలయాలు 2019 నుంచి ఉన్నాయి, డ్వాక్రా సంఘాలు అంతకు ఎంతో ముందు నుంచే ఉన్నాయి. ఏజెంట్లు ఈ శిక్షణను కూడా ఎగ్గొట్టిస్తారని కొందరంటున్నారు. నిజమే. అందుకే ఇది పట్నంలో పెట్టకూడదంటున్నాం. ప్రయాణం మాట మొదట తెలిసేది సంఘంలోని అక్కలకే, పోయేముందు లోన్ అడిగేదీ అక్కడే.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. మంచి పని, ఆంధ్రప్రదేశ్ కూడా అంత గట్టిగానే ఆదుకోవాలి. శవపేటిక వచ్చాక ఇచ్చేదానిలో కొంత, మనిషి పోకముందే ఖర్చు పెట్టండని ఎమ్మెల్యేలను, కలెక్టరును అడుగుతున్నాం.

ఈ నెల మీ సంఘం మీటింగులో ఈ కాగితం చదివించండి. తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టి సచివాలయంలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే పాస్‌పోర్టుతో మా దగ్గరికి రండి. ఏజెంటు ఇచ్చిన కాగితం చిన్న ముక్క ఉన్నా తీసుకురండి. కూర్చుని చదివి చెప్తాం.

ఇట్లు,
కువైట్ నుంచి తిరిగొచ్చిన మీ అక్కచెల్లెళ్లు