గృహిణీ విషయములు: ప్రయాణమునకు దోమతెర గుడారము

కార్తికమాసము వచ్చెననగనే మన సీమలో తోటలకును తీరములకును పోవు వేడుక మొదలగును. పూర్వమీ వేడుక ఒక పగటితో ముగిసెడిది. ఉసిరిచెట్టు నీడను భోజనములు ముగించి, ప్రొద్దుగ్రుంకకమునుపే ఇల్లు చేరెడివారము. ఇప్పటి పిల్లలకు పగలు చాలదు. వీపున సంచి తగిలించుకొని నడచి, రాత్రి గుడ్డయింట పరుండి, తెల్లవారుజామున సూర్యోదయమును చూడవలెనని వారి ముచ్చట. ముచ్చట మంచిదే, దాని వెనుక తల్లికి గల చింత మాత్రము ఎవ్వరికిని కానరాదు. రేపల్లెనుండి యొక సోదరి మాకు వ్రాయుచు, "ఇద్దరు పిల్లలతో బయలుదేరువారము. ఖర్చు స్వల్పముగ నుండవలెను, బరువు మోయదగినదిగ నుండవలెను, లోపలికి దోమ చొరరాదు. అట్టి గుడారమేది?" యని యడిగిరి. ఈ ప్రశ్నకు మేము పుస్తకజ్ఞానముతో గాక, పడిన పాట్లతో ప్రత్యుత్తరమీయగలము.

మా కాపురము తెనాలిలో. మూడేండ్లక్రిందట పిల్లల పోరు పడలేక ఒక గుడారమును కొంటిమి. నలుగురు పట్టుదురని పెట్టెమీద వ్రాసియుండెను, రంగు ముచ్చటగ నుండెను, ఇక ఆలోచింపలేదు. బాపట్లలో రైలు దిగి, అచ్చటికి సుమారు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంక తీరమునకు పోయితిమి. స్థానికుల అనుమతి యడిగి, ఒడ్డునకు దూరముగ, సరుగుడుతోట యంచున గుడారము వేసితిమి. సముద్రపుగాలి బలముగ వీచుచుండగ దోమలెక్కడివని మేమందరమును ధీమాగ నుంటిమి.

ఆ ధీమా నడిరేయివరకే నిలిచినది. పగలు సముద్రమునుండి నేలమీదికి వీచుగాలి, రాత్రి నేల చల్లబడినకొలది మందగించి, పిదప నేలనుండి సముద్రమువైపునకు మరలును. అట్లు మరలిన గాలితో తోటలోని దోమలన్నియు మామీదికి వచ్చినవి. అదే సమయమునకు మా చిన్నది బయటికి పోవలెనని లేచినది. తలుపు జిప్పులో ఇసుక చేరి సగములో పట్టుకొన్నది. తెరచుకొన్నది గాని మరల మూసికొనలేదు. నలుగురి యూపిరికి గోడగుడ్డ లోపల చెమ్మగిల్లి, పరుపులమీద బొట్లుబొట్లుగ రాలుచుండెను. తెల్లవారువరకు చీరకొంగుతో పిల్లలను విసరుకొనుచు కూర్చుంటిమి. సూర్యోదయము మిక్కిలి యందముగ నున్నదని పిల్లలు చెప్పిరి. మేము మాత్రము దానిని కన్నులార చూచితిమని చెప్పజాలము.

ఇల్లు చేరిన వారమునకు చిన్నదానికి జ్వరము వచ్చినది. రక్తపరీక్ష చేయించితిమి. అది సాధారణ జ్వరమేయని వైద్యులు చెప్పువరకు మా మనస్సు మనస్సులో లేదు. మన సీమలో తల్లులకు మలేరియా, డెంగీ, బోదకాలు అను పేళ్ళు క్రొత్తవి కావు. మలేరియాను దోమయే మోయుచున్నదను సత్యము మొదట తెలియవచ్చినదియు తెలుగునేలమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో ఆ రోగబీజమును కనుగొనెను; అందులకే 1902లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. ఇంట తలుపులకు జాలి బిగించి కాపాడుకొను పిల్లలను, వేడుకకని తీసికొనిపోయి దోమల కప్పగించితిమే యని మేము కుమిలితిమి.

అప్పుడు మా అత్తగారొక మాట యనిరి. ఆమె పుట్టినిల్లు రేపల్లె ప్రాంతము, కృష్ణయొడ్డున పెరిగినవారు. "అమ్మాయీ, నీవు కొన్నది వానకు కట్టిన ఇల్లు. మన ఊళ్ళలో ఏడాదికి వానరాత్రులెన్ని? దోమలరాత్రులెన్ని? ముందు దోమతెర చూచుకో, దానిమీద కప్పు వేసికో" యనిరి. ఆ మాటతో మాకు త్రోవ దొరికినది. చలిదేశములవారికి గుడారమనగ మొదట గాలివానలకు అడ్డు. మనకు మొదట దోమకు అడ్డు, పిదప మంచునకు, చినుకునకు, పరుల చూపునకు అడ్డు. డబ్బు కొంచెముగ నున్నప్పుడు ఆ క్రమముననే ఖర్చు చేయవలెను.

కావున మొదట తెర. తెరగుడ్డ కొనబోవునప్పుడు కొలతటేపు చేతనుంచుకొనుడు. గుడ్డను టేపుమీద పరచి ఒక యంగుళములో ఎన్ని కన్నులున్నవో లెక్కింపుడు. పండ్రెండు పదుమూడు కన్నులున్నచో, అనగ చదరపు అంగుళమునకు సుమారు 156 కన్నులున్నచో, దోమ చొరదు. మంచి దోమతెరలకు వాడుకలోనున్న లెక్క యిదియే. ఇంతకన్న పలుచనైనది చౌకయైనను కొనవలదు. నదియొడ్డున తడిబురదనేలలలో ముసరు నుసుములకు ఈ కన్ను చాలదు. వానికి అంగుళమునకు ఇరువదియైదు కన్నులైనను ఉండవలెను. కాని కన్ను చిన్నదైనకొలది గాలి తగ్గును. వేసవిలో అట్టి తెరలో పిల్లలు ఉడికిపోదురు. మన తీరమునకు సాధారణపు కన్నే మేలని మా యనుభవము.

ఇక కొలత. పెద్దలిద్దరు, పిల్లలిద్దరు పరుండుటకు 2.4 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల పొడవు చాలును. ఎత్తు 1.2 మీటర్లున్న కూర్చుండి జడ వేసికొనవచ్చును. పైకప్పునకు 5 చదరపు మీటర్లు, నాలుగుప్రక్కలకు సుమారు 11, పరుపు క్రిందికి మడచుటకు జానెడున్నర అంచుకు మరి రెండున్నర. వెరసి సుమారు 18.5 చదరపు మీటర్లు. చదరపు మీటరు 40 గ్రాములు తూగు పాలియెస్టరు తెరగుడ్డయైనచో మొత్తము ముప్పాతిక కిలోకు మించదు. ఒక పట్టుచీర బరువున కుటుంబమంతటికి గది సిద్ధమైనదన్నమాట. వీధిదర్జీ దీనిని ఒక పూటలో కుట్టును. నాలుగుమూలలను, నడినెత్తిని గట్టిగుడ్డతుండ్లు వేయించి, వానికి నాడాలు కుట్టింపవలెను. లేనిచో తాడు లాగినప్పుడు తెర చినుగును.

తలుపునకు జిప్పు వలదు. ఇసుకలో అది చేసిన ద్రోహము మేము మరువలేదు. రెండు తెరచాపలు ఒకదానిపై నొకటి మూరెడున్నరవరకు కప్పునట్లు కుట్టించి, వాని క్రిందియంచు బరువుగ నుండుటకు పాత చీరయంచును మడచి పెట్టింపుడు. చీకటిలో పసిబిడ్డయైనను తీసికొని పోవచ్చును. తెర తనంతట తానే మూసికొనును. నేలకు వేరుగ ఒక నీరుపట్టని గుడ్డ వలయును. తేళ్ళకును, జెఱ్ఱులకును, చీమలకును భయపడువారు నేలగుడ్డ యంచులను తొట్టివలె జానెడు పైకి లేపి, తెరను దానికే కుట్టించుకొనుట మంచిది. అట్టిది ఆరవేయుట కష్టము. నిదురమాత్రము నిశ్చింతగ పట్టును.

తెరపైని కప్పునకు నాలుగుమీటర్ల పొడవు, మూడుమీటర్ల వెడల్పుగల పలుచని టార్పాలిను చాలును. చదరపు మీటరు 100 గ్రాములు తూగునదైనచో ఇది 1,200 గ్రాములగును. నేలగుడ్డ అరకిలో, త్రాళ్ళు, సంచులు మూడువందలయరువది గ్రాములు. తెరతో కలిపి మొత్తము 2 కిలోల 800 గ్రాములు. మా పెట్టెలోని పాత గుడారము ఐదుకిలోలకు తక్కువలేదు. కప్పునకును తెరకును నడుమ జానెడు సందుంచుట ముఖ్యము. ఊపిరి తేమ తెరలోనుండి పైకిపోయి కప్పునకు అంటుకొనునుగాని పిల్లలమీద రాలదు. గాలివైపు కప్పును క్రిందికి దించి, రెండవవైపు ఎత్తి కట్టవలెను. చీరలు మార్చుకొనుటకు ఒకప్రక్క ముదురురంగు దుప్పటి వ్రేలాడదీసిన మరుగేర్పడును.

గుంజలకై వేరుగ బరువు మోయనక్కరలేదు. నడకకు తీసికొనిపోవు చేతికఱ్ఱలు రెండు చాలును. చెట్లున్నచోట త్రాడొక్కటియే చాలును. ఇసుకలో మేకులు నిలువవు. చిన్నసంచులలో ఇసుక నింపి, త్రాడుకట్టి, మూరెడు లోతున పాతిపెట్టి పైన త్రొక్కుడు, ఎంతగాలికిని కదలదు. ఉత్తసంచి బరువేమి? పోయినచోటనే ఇసుక దొరకును. తెరగుడ్డ, దర్జీకూలి, టార్పాలిను, త్రాళ్ళు కలిసి మాకు రెండువేల రూపాయలలోపుననే తేలినది.

క్రొత్తతెరను మొదట రేపల్లెకు తూర్పున పెనుమూడి రేవు చెంత పరీక్షించితిమి. 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములకు జనులు స్నానములు చేసిన రేవదియే; 2028లో పుష్కరములు మరల వచ్చునప్పుడు తీరమున నిద్రచేయువారికి ఇట్టి తెర యెంతయో అక్కరకు వచ్చును. ఆ రాత్రి దోమలు తెర వెలుపల సంగీతకచేరీ చేసినవి. లోపల మా చిన్నది కాలుచేతులు చాచుకొని నిద్రించినది. మేమును నిద్రించితిమి. ఇల్లు వెడలిన రాత్రి మేము కన్నుమూయుట అదియే మొదలు.

అచ్చటనే మరియొక సంగతి నేర్చితిమి. దోమలమందు పట్టించిన తెరలు అంగడులలో దొరకును. పెర్మెత్రిను, డెల్టామెత్రిను అను మందులు నూలులోనే చేర్చిన మంచితెరలు ఇరువది యుతుకులవరకు, సుమారు మూడేండ్లు పనిచేయును. చిన్నచిరుగున్నను దోమ వానిపై వ్రాలి చచ్చును. కాని యీ మందులు చేపలకును రొయ్యలకును విషము. రేపల్లె, బాపట్ల ప్రాంతములలో ఎందరి జీవనమో రొయ్యల చెరువులమీద నున్నది. అట్టి తెరను కాలువలోగాని చెరువుగట్టునగాని ఉతుకరాదు. ఇంట తొట్టిలో నుతికి, ఆ నీటిని నీటివనరులకు దూరముగ నేలలో పోయవలెను.

సిద్ధముగ కుట్టిన గుడారమే కావలెననువారికి నాలుగుమాటలు. "నలుగురికి" అని వ్రాసినది పక్కపక్క నిమిడి పరుండు నలుగురికేయని యెరుగుడు, సంచులకు చోటుండదు. లోపలిది పూర్తిగ తెరయై, పైకప్పు వేరుగ తొలగునదియే కొనుడు. నైలాను తడిసిన సాగును, పాలియెస్టరు సాగదు. వానలలో కొండదారులను పోవువారికి, శివరాత్రికి నాగలూటి, పెచ్చెరువుల మీదుగ నల్లమలలో శ్రీశైలమునకు నడచు భక్తులవలె వరుసగ రెండుమూడు రాత్రులు అడవిలో గడపువారికి ఇట్టి గుడారము ధరకు తగినదే. ఏడాదికి రెండు రాత్రులు తీరమున గడపువారికి అంతసొమ్ము దండుగ.

రెండు హెచ్చరికలు మరువవలదు. ఎట్టి గుడారములోనైనను దోమబత్తిగాని, దీపముగాని, పొయ్యిగాని వెలిగింపరాదు. ఈ గుడ్డలు నిప్పుసోకిన కరగి ఒంటికి అంటుకొనును. మూసిన గుడారములో పొయ్యిపొగ ప్రాణములు తీయును. రెండవది తుపాను. మన వనభోజనములకాలమే తుపానులకాలము. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెనను మన పెద్దలు నేటికిని తలచుకొని కంటతడి పెట్టుదురు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. హెచ్చరిక వెలువడినచో పిల్లలెంత యేడ్చినను ప్రయాణము మానవలెను. గుడ్డ దోమ నాపునుగాని సముద్రము నాపదు.

తుదిమాట. ఏ తెర కుట్టించినను, కొన్నను, మొదట ఇంటి డాబామీద ఒక రాత్రి వేసికొని పరుండుడు. మన తెనాలి కాలువలచెంత దోమలకు లోటులేదు. అంతకన్న కఠినమైన పరీక్ష మరియొకటి యుండదు. తెల్లవారి పిల్లల చేతులు చూడుడు. దద్దులున్నచో ఏ సందున చొచ్చినవో వెదకి కుట్టుడు. డెంగీదోమ పగలే కుట్టును గావున మధ్యాహ్నము పిల్లలు కునుకుతీయునప్పుడును తెర దించుట అలవరచుకొనుడు. బరువును పంచుకొనుడు, పెద్దవారికి తమ బరువులో అయిదవపాలు, పిల్లలకు పదవపాలు మించరాదు. తెరసంచి మాత్రము తల్లియొద్దనే యుండనిండు. ఇంటిల్లిపాది విశ్రాంతికని పోవునప్పుడు, ఆ విశ్రాంతిలో తల్లికిని పాలుండవలెను గదా. రేపల్లె సోదరికి మా ప్రత్యుత్తరమిదియే. ఇంతకన్న తేలికైన త్రోవ యెరిగిన సోదరీమణులు వ్రాసిరేని సంతోషముతో ప్రకటింతుము.