సమరయుడు వెళ్లాక పూటకూళ్లవాడు ఏం చేశాడు?

డిసెంబరు చలిలో, రాత్రి పదకొండు దాటాక ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వైపు ఒకసారి నడిచి చూడండి. మూసిన షాపుల షట్టర్ల ముందు, మెట్రో స్తంభాల కింద, బస్‌స్టాపుల్లో మనుషులు ముడుచుకుని పడుకుని కనిపిస్తారు. వారిలో అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లు ఉంటారు, కన్నబిడ్డలు వదిలేసిన ముసలివాళ్లు ఉంటారు, తమ పేరు కూడా తాము చెప్పుకోలేనివాళ్లు ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. వారిలో సగానికి మించి ఉన్నది పట్టణాల్లోనే.

అల్మాస్‌గూడలోని మా సంఘం ప్రతి సెమీ క్రిస్మస్‌కూ దుప్పట్లు, భోజనం పొట్లాలు పంచుతుంది. ఒక ఏడాది రింగురోడ్డు దగ్గర ఒక స్త్రీకి దుప్పటి ఇచ్చాం, ఫొటో తీసుకున్నాం. ఆమె దాన్ని కప్పుకోలేదు. పక్కన పడేసి, తనలో తాను ఏదో మాట్లాడుకుంటూ వెళ్లిపోయింది. ‘ఇచ్చినా విలువ తెలియదు’ అని మాలో ఒకరు అన్నారు. తక్కినవాళ్లం ఊరుకున్నాం. ఆమె జుట్టు అట్టలు కట్టి ఉంది, కాలి మీద పుండు ఉంది. ఆమెకు ముందు కావలసింది దుప్పటి కాదు, వైద్యం అని మాలో ఒక్కరికీ తోచలేదు. మరునాడు వెళ్లి ఆమె ఏమైందో కనుక్కోలేదు కూడా. ఫొటో మాత్రం సంఘం క్యాలెండరులో అచ్చయింది.

మంచి సమరయుని ఉపమానం (లూకా 10:25-37) మనకు సండేస్కూలు నుంచీ తెలుసు. యాజకుడు తప్పుకుపోయాడు, లేవీయుడు తప్పుకుపోయాడు, సమరయుడు ఆగాడు. మన ప్రసంగాలు సాధారణంగా అక్కడితో ముగుస్తాయి. కాని ప్రభువు కథను అక్కడ ముగించలేదు. సమరయుడు గాయపడినవాణ్ని పూటకూళ్లవాని ఇంటికి చేర్చాడు, రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. దేనారం ఆనాటి ఒక రోజు కూలి అని ద్రాక్షతోట పనివారి ఉపమానం (మత్తయి 20:2) వల్ల తెలుస్తుంది. సమరయుడు తన దారిన తాను వెళ్లాక ఆ మనిషికి కట్లు మార్చింది, గంజి పోసింది, రాత్రి మూలిగితే లేచి చూసింది ఎవరు? పూటకూళ్లవాడే కదా!

మన పక్కనే అటువంటి పూటకూళ్ల ఇల్లు ఒకటి ఉంది. నాదర్‌గుల్‌లోని మాతృదేవోభవ అనాథాశ్రమం రోడ్ల మీద తిరిగే అనాథలను, మతిస్థిమితం కోల్పోయినవారిని చేర్చుకుంటుంది. ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారిలో వెళితే చౌటుప్పల్‌లో గట్టు శంకర్ స్థాపించిన అమ్మ నాన్న అనాథాశ్రమం ఉంది. ఇటువంటి చోట్ల జరిగే పని దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు. ఫలానా చోట ఒక మనిషి పడి ఉన్నాడని కబురు వస్తుంది. వెళ్లినవారిని చూసి అతను భయపడవచ్చు, తిట్టవచ్చు, రాయి విసరవచ్చు. నచ్చజెప్పి తీసుకురావాలి. అట్టలు కట్టిన జుట్టు తీసి, స్నానం చేయించి, పురుగులు పట్టిన పుండు కడగాలి. పోలీసులకు తెలియజేయాలి. మందు రోజూ వేళకు మింగించాలి. వచ్చినవారి భాష ఒడియానో బెంగాలీనో కావచ్చు. వారాలు గడిచాక ఒకరోజు తన ఊరి పేరు చెబుతాడు. అప్పుడు ఇల్లు వెతకడం మొదలవుతుంది. ముంబైలో 1988లో ఇదే పని ప్రారంభించిన మానసిక వైద్యుడు భరత్ వాత్వానీకి 2018లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. వీధిలో తిరిగేవారికి చికిత్స చేయించి, తిరిగి వారి కుటుంబాలకు చేర్చినందుకే ఆ గౌరవం.

‘ఆ ఆశ్రమాలు మనవి కావు కదా, మన కానుక అక్కడికి ఎందుకు?’ అనే మాట సంఘాల్లో వినిపిస్తుంది. ఈ మాటకు జవాబు ఉపమానంలోనే ఉంది. ఆగకుండా పోయిన ఇద్దరూ దేవాలయానికి చెందినవారు. ఆగినవాడు వారు ముట్టని జాతివాడు. ఇక పూటకూళ్లవాడు యూదుడో, సమరయుడో లూకా రాయనే లేదు. గాయాన్ని కడిగే చేతికి ప్రభువు కులం గాని మతం గాని అడగనప్పుడు మనం అడగడం ఏం న్యాయం? అయితే లెక్క అడగవచ్చు. సంస్థ రిజిస్ట్రేషన్, జమాఖర్చులు, అక్కడున్నవారిని ఎలా చూస్తున్నారన్నది వెళ్లి చూసి ఇవ్వడం వివేకమే గాని అవిశ్వాసం కాదు.

గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగినవాణ్ని (మార్కు 5) కూడా తలచుకుందాం. ఊరివాళ్లకు తెలిసిన ఉపాయం ఒక్కటే, గొలుసులు. ప్రభువు అతణ్ని కలుసుకున్నాక అతను బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు. వెంట వస్తానని బతిమాలినా ప్రభువు అతణ్ని తన ఇంటివారి దగ్గరకే పంపాడు. బట్ట, స్వస్థత, ఇల్లు. ఆశ్రమం చేసే పని కూడా ఈ మూడే. ఈ అధ్యాయాన్ని చూపించి, మతి చెదిరిన ప్రతివారికీ దయ్యం పట్టిందని తీర్మానించి మందులు మాన్పించడం మాత్రం ఘోరమైన తప్పు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, భక్తితో స్వస్థత దొరుకుతుందని తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన రోగుల్లో 28 మంది అగ్నిప్రమాదంలో చనిపోయారు. ఆ పాఠం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. ప్రార్థన చేద్దాం, మందూ ఇప్పిద్దాం. సువార్త రాసిన లూకా వైద్యుడే (కొలస్సీ 4:14).

ఆశ్రమాలు ఉన్నాయి కదా అని ప్రభుత్వం బాధ్యత తీరిపోదు. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక శాశ్వత ఆశ్రయ గృహం ఉండాలన్నది నియమం. సుప్రీంకోర్టు 2010లో ఈ దిశగా ఆదేశాలు ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మతిస్థిమితం లేక వీధుల్లో తిరిగేవారిని పోలీసులు 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, తప్పిపోయిన మనిషిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. అదే 2017 నవంబరులో, అంతర్జాతీయ సదస్సుకు ముందు, హైదరాబాదు వీధుల్లోని బిచ్చగాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. అతిథుల కళ్లకు వీధులు శుభ్రంగా కనిపించాయి. కాని కంటికి కనబడకుండా చేయడం వేరు, ఇంటికి చేర్చడం వేరు. బిచ్చమెత్తడానికి కారణం పేదరికమని, వారిని వీధుల్లోంచి తొలగించమని ఆదేశించలేమని సుప్రీంకోర్టు 2021 జులైలో చెప్పింది.

మరి మన సంఘాలు ఏం చేయగలవు? దుప్పట్లు మానమని మేము అనడం లేదు. దుప్పటి ఇచ్చినప్పుడు ఒక్క నిమిషం కూర్చుని పేరు అడుగుదాం. ఒళ్లు, పుండు, మాట తీరు గమనిద్దాం. అవసరమైతే 112కు ఫోన్ చేసి, మనిషి ఆసుపత్రికో ఆశ్రమానికో చేరేదాకా తోడుందాం. మర్నాడు మళ్లీ వెళదాం. ఒక్కో కుటుంబం ఏడాదికి రెండు రోజుల కూలి తీసి పెడితే అది నెలనెలా బియ్యంగా, మందులుగా ఆశ్రమానికి చేరుతుంది. స్త్రీల సమాజం నెలకోసారి వెళ్లి జడలు వేసి రావచ్చు. యవనస్థులు ఊరి పేర్లు కనుక్కుని ఇళ్లు వెతికే పనిలో సాయపడవచ్చు. ఫొటోలు మాత్రం వద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు, క్యాలెండరుకు మినహాయింపు ఇవ్వలేదు.

రింగురోడ్డు దగ్గర మేము చూసిన ఆ స్త్రీ తర్వాత మాకు కనబడలేదు. ఆమె పేరు కూడా మాకు తెలియదు. ప్రార్థనలో ఆమె కోసం అడగాలన్నా ఏ పేరుతో అడగాలో తెలియక తలవంచుకుంటాం. పరదేశినై ఉండగా చేర్చుకున్నారా అని (మత్తయి 25) ఆ దినాన ప్రభువు అడిగినప్పుడు దుప్పట్ల లెక్క చూపించి తప్పించుకోలేం. ఈ డిసెంబరులో కనీసం ఒక్కరినైనా పూటకూళ్ల ఇంటి దాకా చేర్చుదాం. చేర్చి, తిరిగి వస్తామని చెప్పి, నిజంగా తిరిగి వెళదాం.