మేకప్ అంటే పౌడరు ఒక్కటేనా?



ఇంగ్లిష్‌లో ‘మేక్’ అంటే చేయడం. ‘అప్’ అంటే పైకి. ఈ రెండూ మన పిల్లలకు ఎల్‌కేజీలోనే వచ్చేస్తాయి. రెండూ కలిసి ‘మేక్ అప్’ అయితే మాత్రం డిగ్రీ చదివేవాళ్లు కూడా పౌడరు, లిప్‌స్టిక్ దగ్గరే ఆగిపోతారు. లఫ్జుకు లఫ్జు తర్జుమా చేస్తే ‘పైకి చేయడం’ అని వస్తుంది. దానికి మతలబే లేదు. చిన్న క్రియకు చిన్న ముక్క తగిలించి కొత్త మానీ పుట్టించే ఇలాంటి మాటల్ని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. పోటీ పరీక్షల గైడ్లలో వీటి ఫెహరిస్తు పేజీలకు పేజీలు ఉంటుంది. మన పిల్లలు బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. ఆ తర్వాత ‘మాది ఉర్దూ ఇల్లు, మాకు ఇంగ్లిష్ ఎక్కడొస్తుంది’ అని దిల్ చిన్నబుచ్చుకుంటారు.

నా ఖయాల్ దీనికి పూర్తిగా ఉల్టా. ఉర్దూ, తెలుగు రెండూ నడిచే ఇంట్లో పిల్లలకే ఈ మాటలు అందరికంటే ఆసాన్‌గా రావాలి. రావడం లేదంటే కసూర్ ఇంటి జబాన్‌ది కాదు, నేర్పే తరీఖాది.

‘మేక్ అప్’నే చూడండి. లేని మాట కల్పించి చెబితే అది మేక్ అప్. మన ఇళ్లలో దాన్ని ‘బాత్ బనానా’ అంటాం, ‘గఢ్‌నా’ అంటాం. తెలుగులో కట్టుకథ అల్లడం. ఝగడా పడ్డ ఇద్దరు మళ్లీ కలిస్తే అదీ మేక్ అప్. మనకది సులహ్, తెలుగులో రాజీ. నష్టాన్ని పూడ్చడమూ మేక్ అప్పే. మనకు తలాఫీ, తెలుగులో భర్తీ. పదకొండు మంది కలిసి ఒక టీమ్ అయితే అదీ అదే మాట. ఇరాదా పక్కా చేసుకోవడానికీ అదే మాట, వెనకాల ‘మైండ్’ తగిలిస్తే చాలు. మెహమాన్ వస్తే బిస్తర్ వేయడానికి, మందుల దుకాణంలో డాక్టర్ రాసిన మందు తయారు చేయడానికి కూడా ఇంగ్లిష్‌వాళ్లు దీన్నే వాడతారు. ఈ ఆఖరిదానికి పాత హకీముల కాలం నుంచీ ఉర్దూలో సొంత మాట ఉంది, ‘నుస్ఖా బాంధ్‌నా’.

అంటే వాళ్ల ఒక్క మాటకు మన దగ్గర ఏడెనిమిది లఫ్జులున్నాయి. ఇవేవీ కితాబుల్లో దాక్కున్న మాటలు కావు. దాదీ, నానీల నోట రోజూ నడిచేవే.

ఇక మన దీన్‌కు సంబంధించిన మతలబు ఒకటుంది. రమజాన్‌లో బీమారీ వల్లో, సఫర్ వల్లో రోజా తప్పితే తర్వాతి రోజుల్లో ఆ లెక్క పూర్తి చేయాలని సూరె బఖరా 184వ ఆయత్ చెబుతుంది. అరబీలో ఉన్నది ‘ఇతర దినాల్లో అంతే లెక్క’ అన్న భావం మాత్రమే. అబ్దుల్లా యూసుఫ్ అలీ తన ఇంగ్లిష్ తర్జుమాలో అక్కడ బ్రాకెట్‌లో ‘మేక్ అప్’నే చేర్చారు. మనం దాన్ని ఖజా అంటాం. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తప్పినదానికి మన దగ్గర ఒక్క ఖజాయే లేదు. రోజాకు రోజా తీర్చడం ఖజా. తాఖత్ ఇక తిరిగి రాదనుకున్న ముసలివాళ్లు గరీబుకు అన్నం పెట్టడం ఫిదియా. జాన్‌బూఝ్‌కర్ రోజా తెంచితే హనఫీ ఫిఖ్‌లో ఖజాతో పాటు వరసగా అరవై రోజాల కఫ్ఫారా. మూడింటికీ హుక్మ్ వేరు. మూడూ ‘మేక్ అప్’ అనే ఒక్క సంచీలో పడితే పిల్లలకు ఇంగ్లిష్ వస్తుందేమో గానీ మసలా గల్లంతవుతుంది. ఇంటి లఫ్జు పోతే దానితో పాటు ఆ ఫరఖూ పోతుంది. నాకు భయం అక్కడే.

ఇంకో హదీస్ గుర్తు చేస్తాను. ఇద్దరి మధ్య సులహ్ కోసం మంచి మాట కల్పించి చెప్పేవాడు అబద్ధాలకోరు కాడని బుఖారీలో ఉంది. ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మేక్ అప్ చేయించడానికి మేక్ అప్ చేయొచ్చు! అదే మేక్ అప్‌ను హదీస్‌ల విషయంలో చేస్తే మాత్రం అది మౌజూ. అంతకంటే పెద్ద గునాహ్ తక్కువ. ఒక్క మాటలో సవాబూ గునాహూ రెండూ ఉన్నాయి. ఏది ఏదో తేల్చేది చుట్టూ ఉన్న వాక్యమే.

వాక్యం గురించే కాదు, వ్యాకరణం గురించీ ఒక మాట. ఫ్రేజల్ వెర్బ్ మనకు పరాయిది కాదు. ‘సో గయా’ అంటాం. పడుకున్నవాడు ఎక్కడికి పోయాడు? తెలుగులోనూ ‘నిద్రపోయాడు’. ‘భూల్ గయా’కు ‘మర్చిపోయాడు’, ‘జల్ గయా’కు ‘కాలిపోయింది’. ‘ఖా డాలా’ అంటే ‘తినేశాడు’. డాల్‌నా అంటే వేయడమే, తినేయడంలో ఉన్నదీ ఆ వేయడమే. ఇంగ్లిష్‌వాడు ‘ఈట్ అప్’ అంటాడు. అక్కడ ‘అప్’కు పైకి అని మతలబు లేదు, పని పూర్తయిందని మతలబు. మనం ‘పోయాడు’, ‘వేశాడు’ అని చెప్పేదాన్ని వాడు ‘అప్’ అని చెబుతున్నాడు. ఇది ఒక్కసారి విప్పి చూపిస్తే మన పిల్లల కళ్లలో వచ్చే రోష్నీ వేరు.

కానీ జరుగుతున్నది ఏమిటి? పేరెంట్స్ మీటింగ్‌లో ‘ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి’ అంటారు. అమ్మీ, అబ్బా ఇద్దరూ తలూపి వస్తారు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో పిల్లలకు నాలుగు హుకుంలు వేస్తారు, కమ్, గో, ఈట్, స్లీప్. దాదీకి మనవడితో మాట్లాడే జబానే లేకుండా పోతుంది. ఇంగ్లిష్ మీడియం వద్దని నేను అనడం లేదు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, నౌకరీ బజార్‌లో ఇంగ్లిష్ కీమత్ నాకు తెలుసు. కొత్త గది కట్టడానికి పాత గది గోడ కూల్చొద్దు అంటున్నాను. ఇదే హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, 1918లో ఉస్మానియా స్థాపించి, ఇంగ్లిష్ సైన్స్ కితాబులకు ఉర్దూలో లఫ్జులు వెతికారు. ఇంగ్లిష్‌లోని ఇల్మ్ కావాలనుకున్నవాళ్లు ఇంటి జబాన్‌ను పారేయలేదు, దాన్నే పెంచారు.

మీరేం దారుల్ తర్జుమా పెట్టక్కర్లేదు. పిల్లలు ‘దీని మతలబేంటి’ అని అడిగితే వెంటనే ఒక్క ముక్కలో జవాబివ్వకండి. ‘జుమ్లా మొత్తం చదువు బేటా’ అనండి. ఆ జుమ్లాలో అది సులహా, ఖజానా, బహానానా వాళ్లనే తేల్చనివ్వండి. ఉర్దూలో ఒక లఫ్జు, తెలుగులో ఒక మాట చెప్పించండి. రోజుకు ఒక్కటి చాలు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఈ పని చేయగలరు, ఎందుకంటే కావలసిన లఫ్జులన్నీ మీ దగ్గరే ఉన్నాయి.